పద్నాలుగు రోజుల పలకరింపు

పెద్దాసుపత్రిలో కుక్కకాటు సూదుల గది వరండా చివర, మందుల స్టోరు పక్కన ఉండేది. తలుపు మీద ఏం రాసుందో చదవడం చిలకమ్మకి రాదు గానీ, ఆ తలుపు ముందు నిలబడ్డవాళ్ల మొహం చూసి ఎవరికి ఎన్నో రోజో చెప్పెయ్యగలదు. మొదటి రోజువాళ్లు తలుపు వైపు చూడరు. అయిదో రోజువాళ్లు కడుపు మీద చెయ్యేసుకుని నిలబడతారు. పదో రోజు దాటినవాళ్లు కొత్తగా వచ్చినవాళ్లకి ధైర్యం చెబుతుంటారు.

ఆ గదిలో సూది వేసేది సిస్టరమ్మ, మనిషిని పట్టుకునేది చిలకమ్మ. పదమూడేళ్లుగా అదే ఆవిడ పని. భర్త గురునాథరావు అదే ఆసుపత్రిలో వార్డుబాయ్‌గా చేస్తూ జ్వరంతో పోతే, పెళ్లై ఆరేళ్లు కూడా నిండని ఆమెకి ఆయా ఉద్యోగం ఇచ్చారు. పిల్లల్లేరు. జాలరిపేట వెనక సందులో ఒక్క గది అద్దెకి తీసుకుని ఉండేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, సూదులకొచ్చిన పిల్లల ఏడుపులు వినలేక మానేస్తానని రెండుసార్లు పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లింది కూడా. తర్వాత ఎలాగో ఆ పని ఆమెకి పట్టుబడింది. పట్టుబడ్డాక వదలబుద్ధి కాలేదు.

ఆ రోజుల్లో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ రోజుకొకటి చొప్పున పద్నాలుగు సూదులు. లావుపాటి గాజు సిరంజీ, దాన్నిండా మందు. పోర్టులో గోనెబస్తాలు మోసే కళాసీలు సైతం బల్లెక్కి చొక్కా పైకి లాగేసరికి చిన్నపిల్లలైపోయేవారు. చిలకమ్మ వాళ్ల భుజం మీద ఎడమచెయ్యి వేసి, కుడిచేత్తో గడ్డం తన వైపు తిప్పుకుని ఏదో ఒకటి అడిగేది. మీ వీధి కొళాయిలో నీళ్లు ఎన్నింటికొస్తాయనో, మీ మేనమామలు ఎంతమందనో. ఆలోచించుకుంటే తప్ప జవాబు రానిదే అడిగేది. ఆ ఆలోచనలో ఉండగానే సూది అయిపోయేది.

అంతకంటే ముఖ్యమైనవి ఇంకో రెండు పనులు ఆమె తనకు తానే పెట్టుకుంది. అయిదో రోజుకో ఆరో రోజుకో కొందరు రావడం మానేస్తారు. వాళ్ల ఊళ్లు గుర్తుపెట్టుకుని, అటు వెళ్లే ప్రతి మనిషి చేతా కబురు పంపేది. రెండోది, మొదటి రోజు వచ్చిన ప్రతివాళ్లనీ అడిగే ప్రశ్న. ఆ కుక్క ఇంట్లో ఇంకెవరినైనా కరిచిందా, గీరిందా, పుండు మీద నాకిందా, దాని నోట్లో ఎవరైనా చెయ్యి పెట్టారా అని. డాక్టర్ శ్రీరామ్మూర్తి గారు చీటీ రాసేటప్పుడు అడుగుతారు. అయినా డాక్టరు దగ్గర భయపడి చెప్పనివాళ్లు ఆయమ్మకి చెప్పేవారు. అలా అడిగి ఆమె బల్లెక్కించిన తల్లులూ తాతలూ ఎంతమందో లెక్కలేదు.

ఎనభై నాలుగో సంవత్సరం శ్రావణమాసంలో ఒక సోమవారం పొద్దున, ఆ వరుసలో నాలుగో మనిషిగా ఆమె తమ్ముడు అప్పలసూరి నిలబడి ఉన్నాడు. చంకలో ఎనిమిదేళ్ల కూతురు. కుడికాలి మీద బరువేసి నిలబడే అలవాటు వాడిది, చిన్నప్పుడు ఎడమ మడమకి నాగలి కర్రు దిగింది. మొహం కంటే ముందు ఆ నిలబడ్డం చూసి గుర్తుపట్టింది చిలకమ్మ. ఆరేళ్లైంది తమ్ముణ్ణి చూసి.

వాళ్లది ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఖాళీ చేయించిన ఊళ్లలో ఒకటి. ఊరు లేచిపోయినప్పుడు తల్లిని తమ్ముడే నిర్వాసితుల కాలనీకి తీసుకెళ్లాడు. కొత్త ఇంట్లో నాలుగు నెలలు తిరక్కుండానే ఆవిడ పోయింది. చిలకమ్మకి కబురు అందేసరికి మట్టి కూడా అయిపోయింది. పదోరోజున అందరి ముందూ తమ్ముణ్ణి అనకూడని మాటలంది. ఆఖరిచూపు లేకుండా చేశావంది. వాడూ ఊరుకోలేదు. పట్నంలో ఉంటూ ఒక్క నెలైనా అమ్మని తెచ్చి పెట్టుకున్నావా అన్నాడు. ఆ మాట నిజం కావడం వల్లే అది ఆమెకి గుచ్చుకుంది. ఆ రోజు బస్సెక్కి వచ్చేసిన మనిషి మళ్లీ కాలనీ మొహం చూడలేదు.

ఇప్పుడు వరుస కదిలి తమ్ముడు గుమ్మంలోకి వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు వాడే మాట్లాడాడు, అక్కని చిన్నప్పట్నుంచీ పిలిచే పిలుపుతోనే.

“అప్పా, గుంటని కుక్కపిల్ల కరిసింది. నువ్వే పట్టుకో.”

చిలకమ్మ పిల్లని అందుకుంది. ఆమె చూసినప్పుడు ఆ పిల్లకి రెండేళ్లు, అప్పటికింకా పేరు పెట్టలేదు, అందరూ గుంటా అనే పిలిచేవారు. పిక్క మీద నాలుగు పళ్ల గాట్లు, చుట్టూ పసుపు అద్ది ఉంది. బల్ల మీద పడుకోబెట్టి, గడ్డం తన వైపు తిప్పుకుని, నీ పేరేటమ్మా అని అడిగింది. పిల్ల గౌరీశ్వరి అని చెప్పింది. ఆ పేరు తన తల్లిది. పెట్టినట్టు ఆమెకెవరూ చెప్పలేదు. ఇంకేమీ అడగలేకపోయింది. సూది దిగేటప్పుడు గౌరి వరండా అంతా వినబడేలా అరిచింది.

ఆ రోజు తమ్ముణ్ణి ఆ ప్రశ్న అడగలేదు ఆమె. అడగకూడదని కాదు. బయట గట్టు మీద కూర్చున్నాక ముందు ఏడుపొచ్చింది, తర్వాత వాడు కుక్కపిల్ల సంగతి చెప్పాడు, ఆ తర్వాత అమ్మ పేరు పెట్టుకున్న సంగతి చెప్పాడు. ఇంతలో వాడి బస్సు వేళైంది.

కుక్కపిల్ల సంగతి ఇదీ. అప్పలసూరి ఉక్కునగరంలో మొక్కలు నాటే పనిలో ఉన్నాడు. కొత్తగా కడుతున్న క్వార్టర్ల మధ్య రోడ్ల పక్కన గుంటలు తవ్వడం, మొక్క పెట్టడం, చుట్టూ ముళ్లకంప కట్టడం, నీళ్లు పొయ్యడం. అక్కడి షెడ్డు వెనక ఒక వీధికుక్క ఈనింది. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ గౌరి ఒక కుక్కపిల్ల కావాలని ప్రాణం తీస్తోంది. ఒకరోజు సాయంత్రం తువ్వాల్లో చుట్టి ఒకదాన్ని తెచ్చాడు. గోధుమరంగుది, తోక చివర తెలుపు. జిమ్మీ అని పేరు పెట్టారు. మట్టి తట్టలో పాత లుంగీ పరిచి దానికి పక్క వేశారు. ఇరవై రోజులు ఆ ఇంట్లో అదే ఆట, అదే పాట. తర్వాత అది తిండి మానేసి మూల నక్కింది. గౌరి గంజి తాగించబోతే పిక్క పట్టుకుంది. రెండు రోజులకి చచ్చిపోయింది. పక్కింటి ముసలాయన అది చూసి, పిల్లని పెద్దాసుపత్రికి తీసుకుపోకపోతే నీ ఇష్టం అని గట్టిగా చెబితే బయల్దేరాడు.

పద్నాలుగు రోజులూ తండ్రీకూతుళ్లు గాజువాక వైపు నుంచి మొదటి బస్సుకి వచ్చేవారు. పని దగ్గర మేస్త్రీని బతిమాలుకుని మధ్యాహ్నం నుంచి డ్యూటీ ఎక్కేలా మాట్లాడుకున్నాడు. సూది అయ్యాక అరగంట గట్టు మీద కూర్చునేవారు. చిలకమ్మ ఇడ్లీలు కట్టించుకుని వచ్చేది. కడుపు మీద వాపు నొప్పెడుతున్నా గౌరి రెండిడ్లీలు తినేది. ఆ అరగంటల్లో ఆరేళ్ల కబుర్లు కొంచెం కొంచెంగా చెప్పుకున్నారు అక్కా తమ్ముడూ.

ఎవరెవరు ఎక్కడెక్కడికి పోయారో తమ్ముడు చెప్పాడు. చిన్నాన్న కొడుకు కన్నబాబు భీమునిపట్నంలో పెళ్లి చేసుకుని అక్కడే సైకిలు షాపు పెట్టాడు. పాత ఊళ్లో పక్కింటి అసిరమ్మ తన గేదెల్ని కాలనీకి తోలుకొచ్చింది గానీ, మేత లేక ఒక్కొక్కటే అమ్మేసుకుంది. ఊరుండే చోట ఇప్పుడు ఇనుప దూలాలు ఆకాశంలోకి లేస్తున్నాయి, ఒక్కో క్రేను తాటిచెట్టుకి మూడింతలు. వాడి మాటల్లో ఆశ్చర్యమే గానీ కోపం లేకపోవడం చిలకమ్మకి వింతగా ఉండేది. తాను నాటిన మొక్కల గురించి చెప్పేటప్పుడు మాత్రం వాడి గొంతు మారేది. మొదట్లో తాడు పట్టి వరసలో మొక్క పెట్టమంటే నవ్వొచ్చేదట. ఇప్పుడు తాను పెట్టినవాటిలో ఏది బతికిందో ఏది ఎండిందో చూసుకోకుండా ఇంటికి వెళ్లలేడు.

“మన మెరకపొలం కూడా అక్కడే ఎక్కడో ఉండాలప్పా. గట్లు లేవు కదా, తెలీడం లేదు,” అన్నాడొక రోజు. “ఉజ్జాయింపున ఒక సోట వేపమొక్క పెట్టినాను.”

మూడో రోజునో నాలుగో రోజునో వాడి చేతులు చూసింది చిలకమ్మ. ముళ్లకంప కట్టీ కట్టీ వేళ్లనిండా చీరుకుపోయిన గాట్లు, కొన్ని మానినవి, కొన్ని పచ్చివి. గదిలోంచి టింక్చరు తెచ్చి దూదితో అద్దింది. మంటకి వాడు చెయ్యి లాక్కుంటే గౌరి నవ్వింది. తండ్రి చేతికి మందు రాయించుకోవడం ఆ పిల్లకి పెద్ద వేడుకైంది.

ఏడో రోజున అమ్మ మాటొచ్చింది. ఆఖరి వారంలో ఆవిడ చిలకమ్మ కోసం అడిగిందనీ, తాను గాజువాక బస్సు కండక్టరు చేతికి కబురిచ్చి పంపాననీ వాడు చెప్పాడు. ఆ కబురు ఆమెకి చేరనే లేదు. ఏ కండక్టరో, ఏమైందో, ఇప్పుడు ఎవరిని అడగాలి? ఆరేళ్లు తమ్ముడి మీద పెంచుకున్న కోపం ఆ గట్టు మీద ఎటూ పోలేక అలా ఉండిపోయింది. చిలకమ్మ కూడా తన సంగతి చెప్పింది. అమ్మని తెచ్చుకుందామనే అనుకుంది, గది ఇచ్చినవాళ్లు ఇంకో మనిషిని ఉంచుకోడానికి ఒప్పుకోలేదు, ఇంకో గది వెతికేలోపే ఆవిడ పోయింది. ఈ మాట పదోరోజున ఎందుకు చెప్పలేదని తమ్ముడు అడగలేదు. ఇడ్లీ పొట్లం ముడి విప్పి ఆమె ముందు పెట్టాడు.

పద్నాలుగో రోజున వాడి భార్య సన్యాసమ్మ కూడా వచ్చింది. పొడుగ్గా, తక్కువ మాటల మనిషి. వదిన చేతిలో ఒక బెండకాయల సంచీ పెట్టి, ఆదివారం రమ్మంది. చిలకమ్మ మేనకోడలికి ఎర్ర రిబ్బను కట్టి పంపించింది. ఆ రోజంతా ఆమె నవ్వుతూ పనిచేసిందని సిస్టరమ్మ చాలాకాలం చెప్పేది.

తర్వాతి రెండు నెలల్లో నాలుగు ఆదివారాలు వెళ్లింది కాలనీకి. జాలరిపేట ఒడ్డున పడవల దగ్గరే వంజరం చేపలు కొని, తడిగుడ్డలో చుట్టుకుని బస్సెక్కేది. సన్యాసమ్మ పులుసు పెట్టేది. అప్పలసూరి ఒకసారి ఆమెని ఉక్కునగరం తీసుకెళ్లి తన మొక్కలన్నీ పేరుపేరునా చూపించాడు. అవన్నీ మోకాలెత్తువి. ముళ్లకంపలోంచి ఆకు కనబడ్డమే కష్టం. ఇవి పెద్దయ్యేసరికి మనం ఉంటామా అని చిలకమ్మ అంటే, గౌరి ఉంటాది కదా అన్నాడు వాడు.

అక్టోబరు మూడో వారంలో ఒకరోజు పదిన్నరప్పుడు, సూదుల రద్దీ తగ్గాక, అప్పలసూరి ఒక్కడే వరండాలో కనిపించాడు. పని మానుకుని వచ్చాడు. కుడిచెయ్యి నాలుగు రోజులుగా తిమ్మిరెక్కుతోందనీ, భుజం దాకా చీమలు పాకినట్టుందనీ చెప్పాడు. ముల్లు విరిగి లోపల ఉండిపోయిందేమో డాక్టరుకి చూపించమన్నాడు. చిలకమ్మ ఆ వేళ్లు తడిమి చూసింది. గాట్లన్నీ మానిపోయి ఉన్నాయి. కళ్లు ఎర్రబడ్డాయేరా, నిద్రపోవడం లేదా అంటే, రెండు రోజులైంది అన్నాడు.

లోపల బల్ల మీద కూర్చోబెట్టి, ముందు టీ తాగమని గ్లాసు తెచ్చి ఇచ్చింది. వాడు గ్లాసు అందుకున్నాడు. పెదాల దాకా తెచ్చుకున్నాడు. అంతే, మెడ నరాలు బిగుసుకుని, గొంతు పూడుకుపోయినట్టై, చెయ్యి దానంతటదే గ్లాసుని దూరంగా తోసేసింది. టీ నేల మీద పడింది.

“పొద్దున్నుంచీ ఇదే, అప్పా. గొంతుకి అడ్డం పడతంది,” అన్నాడు సిగ్గుపడుతూ. తర్వాత పైకి చూసి, “ఆ ఫేను ఆపించవా, గాలి తగిల్తే ఒళ్లు జలదరిస్తంది,” అన్నాడు.

చిలకమ్మ ఫ్యాను ఆపింది. స్విచ్చు మీద చెయ్యి అలాగే ఉంచి చాలాసేపు గోడ వైపు తిరిగి నిలబడింది. పదమూడేళ్లలో అలాంటివాళ్లని తొమ్మిదిమందిని చూసింది ఆమె. గ్లాసు తోసెయ్యడమూ, గాలికి జలదరించడమూ, ఆ తర్వాత జరిగేదీ ఆమెకి తెలుసు. డాక్టర్లు మొదటిసారి చూసినప్పుడు పుస్తకం తిరగేస్తారు. ఆమెకి ఆ అవసరం లేదు.

తిరిగొచ్చి వాడి ముందు నిలబడి, రెండు నెలల కిందట అడగాల్సింది అప్పుడు అడిగింది.

“సూరీ, జిమ్మీ నిన్ను కరిసిందేట్రా?”

“లేదప్పా. నన్ను కరవలేదు.”

“గీరిందా?”

“లేదు.” కాసేపు ఆలోచించాడు. “సచ్చిపోయే ముందురోజు దాని దవడ ఏలాడిపోయింది. సొంగ కారతంది. నోట్లో ఎముకేదో ఇరుక్కుందనుకుని ఏలు పెట్టి సూసినాను. ఏటీ లేదు.”

“ఈ సెయ్యేనా?”

“ఈ సెయ్యే.”

ఆమె సిస్టరమ్మని పిలిచి తమ్ముడి దగ్గర కూర్చోమని చెప్పి, డాక్టర్ శ్రీరామ్మూర్తి గారి గదికి వెళ్లింది. తలుపు దగ్గర నిలబడి, మా తమ్ముడు బాబూ అంది. ఆయన లేచి వచ్చాడు. వాడి నోరు చూశాడు, చెయ్యి చూశాడు, ఒక చెంచాడు నీళ్లు తెమ్మన్నాడు, నీళ్లు చూడగానే జరిగింది చూశాడు. చిలకమ్మని వరండాలోకి తీసుకెళ్లి, నీకు నేను చెప్పేదేముంది చిలకమ్మా అన్నాడు. అంత పెద్ద చదువు చదివిన మనిషి ఆమె ముందు తలొంచుకుని నిలబడ్డాడు. మందేమైనా పైనుంచి తెప్పించగలరా అని అడిగింది ఆమె, జవాబు తెలిసీ. మద్రాసులో లేదు, ఢిల్లీలో లేదు, ఎక్కడా లేదు అన్నాడు ఆయన.

గదిలోకి తిరిగొచ్చేసరికి అప్పలసూరి చొక్కా పైకి లాగి బల్ల మీద పడుకుని ఉన్నాడు. సిస్టరమ్మ ఏం చెప్పిందో, చెప్పలేదో. వాడే ఊహించుకున్నాడు.

“నాకూ ఏసియ్యండప్పా,” అన్నాడు. “పద్నాలుగూ ఏసుకుంటాను. గుంటే ఏయించుకుంది, నాను ఏడవను.”

చిలకమ్మ డాక్టరు వైపు చూసింది. ఇప్పుడు ఆ సూది వెయ్యడం వల్ల ప్రయోజనం లేదని ఆ గదిలో ముగ్గురికి తెలుసు, ఒక్కడికి తెలీదు. వెయ్యండి సిస్టర్ అన్నాడు డాక్టరు మెల్లగా. సిస్టరమ్మ సిరంజీలో మందు ఎక్కించింది. చిలకమ్మ ఎడమచెయ్యి తమ్ముడి భుజం మీద వేసి, కుడిచేత్తో గడ్డం తన వైపు తిప్పుకుంది. ఉక్కునగరంలో ఎన్ని వేపమొక్కలు పెట్టినావురా అని అడిగింది. వాడు కళ్లు మూసుకుని ఒక్కో రోడ్డూ గుర్తుతెచ్చుకుంటూ లెక్క మొదలుపెట్టాడు. డెబ్బై దాటాడు. సూది అయిపోయాక కూడా లెక్క ఆపలేదు.

మధ్యాహ్నానికి అంటురోగాల ఆసుపత్రికి మార్చారు. గాలీ వెలుతురూ తగలకుండా కిటికీలకి దుప్పట్లు కట్టిన గది. చిలకమ్మ కాలనీకి కబురు పంపలేదు, తానే వెళ్లింది, కబుర్లని నమ్మడం ఆమె మానేసింది. సన్యాసమ్మని తీసుకొచ్చింది. గౌరిని పక్కింటి ముసలాయన ఇంట్లో వదిలారు. దారంతా బస్సులో సన్యాసమ్మ ఒకటే మాట అడుగుతూ వచ్చింది, ఎన్ని రోజులుంచుకుంటారు అని. చిలకమ్మ చివరికి రెండు రోజులో మూడు రోజులో అని చెప్పింది. సన్యాసమ్మ దాన్ని ఇంటికి పంపించే లెక్క అనుకుంది. గాజువాక దాటాక, మింది జంక్షన్లో బస్సు ఆగినప్పుడు, ఆ మాటకి అర్థం ఆమెకి తెలిసింది. కిటికీ ఊచ పట్టుకుని బయటికి చూస్తూ ఉండిపోయింది.

అప్పలసూరి మూడో రోజు సాయంకాలం పోయాడు. ఆ మూడు రోజులూ చిలకమ్మ సెలవు పెట్టి ఆ గదిలోనే ఉంది. మనిషికి తెలివి ఉన్నంతసేపూ వాడు మాట్లాడుతూనే ఉన్నాడు, గౌరి బడి గురించీ, ఎండాకాలంలో మొక్కలకి నీళ్లు ఎవరు పోస్తారన్న దాని గురించీ. దాహం దాహం అనేవాడు. తడిగుడ్డ పెదాలకి తాకిద్దామని చూస్తే ఒళ్లంతా విరుచుకుపోయేది. పదమూడేళ్లుగా మనుషుల్ని పట్టుకోవడం తన వృత్తి కదా, ఆ గదిలో తమ్ముణ్ణి పట్టుకోవడం తప్ప ఇంకేం చెయ్యడానికీ లేకపోయింది ఆమెకి. మత్తుసూది ఇచ్చినప్పుడు మాత్రం కాసేపు నిద్రపోయేవాడు. ఆ నిద్రలోనే పోయాడు, అదొక్కటే ఆ మూడు రోజుల్లో జరిగిన మంచి.

వాడి సొంగ తగిలినవాళ్లంతా సూదులు వేయించుకోవాలన్నారు డాక్టరు. ఆ జబ్బు మొదలైన రోజుల్లో మొగుడికి మొహం కడిగింది, అన్నం కలిపి పెట్టింది సన్యాసమ్మ. అందుకని కర్మకాండలు అవుతుండగానే, తెల్లచీరతో పద్నాలుగు రోజులు బస్సెక్కి వచ్చింది. చిలకమ్మ కూడా వేయించుకుంది, ఆమెని పట్టుకునేవాళ్లెవరూ లేకుండానే. సన్యాసమ్మ బల్లెక్కితే చిలకమ్మ భుజం మీద చెయ్యి వేసేది గానీ ఏమీ అడిగేది కాదు. ఆమె కూడా ఏమీ మాట్లాడేది కాదు. సూది దిగుతున్నా కన్ను మూసేది కాదు.

తొమ్మిదో రోజున బల్ల దిగి చీర సర్దుకుంటూ అంది.

“అందర్నీ అడుగుతావంట కదా వొదినా. వరండాలో ఎవురో సెప్పుకుంటన్నారు.”

చిలకమ్మ బల్ల తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టింది.

“నువ్వడిగుంటే దాసేవోడు కాదు. నీకాడ ఆడు ఏదీ దాయడు.”

తిట్టలేదు, శపించలేదు. ఉన్నదున్నట్టు చెప్పి వెళ్లిపోయింది. చిలకమ్మకి తిట్టుంటే బాగుండేదనిపించింది. తిడితే తిరిగి ఒక మాట అనొచ్చు. అందరిలాంటివాడైతే అడిగేదాన్ననీ, తమ్ముడు గనక మరిచిపోయాననీ ఎవరికి చెప్పుకోగలదు? చెప్పినా అది సమాధానమేనా?

ఆ తర్వాత డాక్టరు గారిని అడిగి సూదుల గది నుంచి పురుళ్ల వార్డుకి మార్పించుకుంది. అక్కడ పదకొండు రోజులు పనిచేసింది. పన్నెండో రోజున ఆ వరండా మీదుగా వెళుతుంటే కొత్త ఆయా ఒక పిల్ల కాళ్లు బల్లకేసి అదిమి పట్టుకోవడం కనిపించింది. లోపలికి వెళ్లి ఆ పిల్ల గడ్డం పట్టుకుంది. మర్నాటి నుంచి మళ్లీ అక్కడే. అలా తిరిగొచ్చినందుకు గుండె తేలికపడిందా అంటే, లేదు. ఆ పని ఆమెకి తప్ప ఇంకొకరికి సరిగ్గా రాదు, అంతే.

అప్పలసూరి పని సన్యాసమ్మకి ఇచ్చారు. ఇప్పుడు ఆ మొక్కలకి ఆమె నీళ్లు పోస్తోంది. చిలకమ్మ ఆదివారాలు కాలనీకి వెళ్లడం మానలేదు. పొమ్మని ఎవరూ అనలేదు, కూర్చోమనీ అనేవారు కాదు. తానే పీట వాల్చుకుని కూర్చుని, వంకాయలు తరిగి, గౌరి తల దువ్వి, భోజనాలయ్యాక బస్సెక్కేది. సన్యాసమ్మ వడ్డించేటప్పుడు ఇంకొంచెం వెయ్యనా అని అడిగేది. అంతకుమించి ఒక్క మాట లేదు.

గౌరికి పదేళ్లు నిండిన ఏడు, ఒక ఆదివారం తల దువ్వుతుంటే ఆ పిల్ల అటు తిరిగే అడిగింది. “అత్తా, నాను కుక్కపిల్ల కావాలని ఏడవకపోతే నాన్న ఉండేవోడు కదా?”

చిలకమ్మ దువ్వెన ఆపింది. కాదమ్మా అంది. నీ తప్పు లేదంది, ఆ షెడ్డు దగ్గర పుట్టిన కుక్కపిల్లని ఎవరు తెచ్చుకున్నా ఇలాగే అయ్యేదంది. ఇంకా చాలా చెప్పింది. పిల్ల అన్నీ వింది. విని, అవును అని తలూపింది. నమ్మలేదని ఆ తలూపడంలోనే తెలిసిపోయింది. కుక్కకాటుకి పద్నాలుగు సూదులున్నాయి గానీ, దీనికి తన దగ్గర ఒక్కటీ లేదని ఆ రోజు బస్సులో కూర్చుని చిలకమ్మ అనుకుంది. జడలు వేసి పంపడం తప్ప ఏం చెయ్యగలదు? ప్రతి ఆదివారం జడలు వేసేది.

ఎనభై ఎనిమిది వానాకాలంలో చిలకమ్మకి చలిజ్వరం వచ్చి వరసగా రెండు ఆదివారాలు వెళ్లలేకపోయింది. కబురూ పంపలేదు. మూడో వారంలో జ్వరం తగ్గి పనిలోకి వచ్చింది. ఆ మంగళవారం పొద్దున వరుసలో ఏడో మనిషి వెనక సన్యాసమ్మ నిలబడి ఉంది. చూడగానే చిలకమ్మ, ఎవరిని కరిచింది, గౌరినా అని వరుస దాటుకుని బయటికొచ్చేసింది.

ఎవర్నీ కాదంది సన్యాసమ్మ. చేతిలో స్టీలు టిఫిను ఉంది. దాన్ని చిలకమ్మ చేతిలో పెట్టింది.

“సేపలు దొరకనేదు. అన్నంలోకి ఆనపకాయ పులుసు పెట్టినాను. ఏడిగా ఉన్నప్పుడే తిను,” అంది. టిఫిను మూత ఒకసారి నొక్కి చూసింది. “డ్యూటీకి ఏలైపోతంది,” అని చెప్పి, మెట్లు దిగి, జగదాంబ వైపు నడిచి వెళ్లిపోయింది. ఆ టిఫిను కోసం ఆమె రెండు బస్సులు మారి వచ్చింది, మళ్లీ రెండు బస్సులు మారి వెళ్లాలి.

చిలకమ్మ మందుల స్టోరు మెట్టు మీద కూర్చుని మూత తీసింది. ఇంకా పొగలు వస్తున్నాయి. సిస్టరమ్మ లోపల్నుంచి చూసి, ఫరవాలేదు, నువ్వు తినేసి రా అంది. వరుసలో ఉన్నవాళ్లు కూడా ఏమీ అనలేదు. నాలుగు ముద్దలు తిన్నాక, తలుపు దగ్గర కడుపు మీద చెయ్యేసుకుని నిలబడ్డ ముసలామె ఈ కాలి మీంచి ఆ కాలి మీదకి బరువు మార్చుకోవడం చూసి, మూత పెట్టేసి, చెయ్యి కడుక్కుని, ఆమెని లోపలికి రమ్మంది.